‘ఆపివేసి’కి కర్త ఎవరండీ?

1991వ సంవత్సరం జూలై ఎనిమిదవ తేదీ, సోమవారం ఉదయం, పది గంటలకు ఇంకా పది నిమిషాలు ఉండగానే, ఒక చేత నియామక పత్రాన్నీ మరొక చేత పెన్సిళ్ళ డబ్బానూ పట్టుకుని, ఇరవై ఆరేళ్ళ యువతి ఒకరు మా కంప్యూటర్ కేంద్రం రెండవ అంతస్తు మెట్లెక్కి, అనువాద విభాగం తలుపు తట్టి, లోపల ఎవరూ లేరని తెలుసుకుని, తామే తాళం తెప్పించుకుని ఉద్యోగంలో చేరారు. పట్టుకున్నదీ, ఎక్కినదీ, తట్టినదీ, తెలుసుకున్నదీ, చేరినదీ అంతా ఒక్కరేనని పాఠకులు దయచేసి గమనించాలి. ఈ వ్యాసాన్ని అందరికంటే ముందు చదవబోయే వ్యక్తి చేతిలో ఎర్ర పెన్సిల్ ఉంటుంది. మొదటి వాక్యంలోనే దొరికిపోవడం నాకు ఇష్టం లేదు.

ముప్పై నాలుగు సంవత్సరాల అవిచ్ఛిన్న సేవానంతరం ఈ నెలాఖరున పదవీ విరమణ చేస్తున్న మా అనువాద విభాగాధిపతి గారే ఆనాటి ఆ యువతి. వారి అసలు పేరు ఈ వీడ్కోలు సంచిక అట్ట మీద పెద్దక్షరాలతో అచ్చయి ఉంది. మా కేంద్రంలో మాత్రం అటెండరు మొదలు డైరెక్టరు దాకా అందరికీ వారు ‘ఎవరండీ గారు’. ఆ పేరు ఫోను వల్ల వచ్చింది. బల్ల మీద ఫోను మోగుతుంది, ఎత్తుతాం, అవతలి నుంచి కుశల ప్రశ్నలేమీ లేకుండా “ఎవరండీ?” అని వినిపిస్తుంది. “నేనండీ” అంటాం. “మీరు కాదు. మీరు రాసిన రెండో పేరాలో, మూడో వాక్యంలో ఎవరండీ?” అంటారు. మొదట్లో ఆ పేరు చాటున అనుకునేవాళ్ళం. అది చెవిన పడిన రోజున వారు నవ్వి, “చాటెందుకండీ, ప్రశ్న సరైనదేగా” అన్నారు. ఆనాటి నుంచి అది బిరుదైపోయింది.

వారు చేరిన కాలంలో మా కేంద్రం స్వరూపమే వేరు. యంత్రాలకు చల్లని గది, మనుషులకు చెమట గది. అనువాద విభాగానికి ఒక బల్ల, ఒక నిఘంటువు, కిటికీ అవతల రోజంతా రొద చేసే ఏసీ పెట్టె. ఆసుపత్రులలో, నీటి సరఫరా కార్యాలయంలో, జనన మరణాల నమోదు విభాగంలో మా యంత్రాల మీద పనిచేసేవారు తెలుగు చదువుకున్నవారు. యంత్రాలతో పాటు దిగే లావుపాటి సూచన పుస్తకాలేమో ఇంగ్లీషువి. ఆ రెంటి నడుమ ఆ బల్ల దగ్గర వారు కూర్చున్నారు.

కంప్యూటర్ల గురించి, వాటి భద్రత గురించి రాసే ఇంగ్లీషుకు ఒక వింత అలవాటు ఉంది. అందులో పనులు విరివిగా జరుగుతుంటాయి, చేసేవారు మాత్రం కనబడరు. క్రియకు ‘ఇంగ్’ అని ఒక తోకో, ‘ఎడ్’ అని మరొక తోకో తగిలించి, ముందు ‘హ్యావింగ్’ అని ఒక టోపీ పెట్టి, వాక్యంలో ఏ మూలనో నిలబెడతారు. దీన్నే వాళ్ళు పార్టిసిపుల్ అంటారు. మనకూ ఉన్నాయి అటువంటివి. చేసి, చేస్తూ, చేసిన, చేయబడిన అని బడిలో అందరం వల్లించినవే. అసమాపక క్రియలన్నారు, ‘చేసి’ని క్త్వార్థకమన్నారు, ‘చేస్తూ’ని శత్రర్థకమన్నారు, పరీక్ష కాగానే మరిచిపోయాం. వీరు మరిచిపోలేదు. ‘వచ్చి తిన్నాడు’ అంటే వచ్చినవాడే తినాలి. ఒకడు వస్తే మరొకడు తినడం తెలుగు ఒప్పుకోదు. ఇంగ్లీషు వ్యాకరణమూ ఒప్పుకోదు కానీ, ఇంగ్లీషులో నివేదికలు రాసే ఇంజనీర్లు ఒప్పేసుకుంటారు. ఆ ఇంజనీర్లలో ఈ వ్యాసకర్త కూడా ఒకడు.

వారి పద్ధతి చూడముచ్చటగా ఉండేది. పుటలో ఉన్న ప్రతి పార్టిసిపుల్ కిందా గీత గీస్తారు. ‘చేసి’గా మారేదానికి నీలం, ‘చేస్తూ’గా మారేదానికి ఆకుపచ్చ, చేసిందెవరో తేలని అనాథకు ఎరుపు. నీలం, ఆకుపచ్చ పెన్సిళ్ళు ఏడాదికి రెండు చొప్పున అయ్యేవి. ఎర్రవి డజను సరిపోయేవి కావని స్టోర్సు గుమాస్తా గారు ఇప్పటికీ చెబుతుంటారు.

ఇంతటి వారూ ఒకసారి బోల్తా పడ్డారు. ఆ సంగతి రాయకపోతే నన్ను క్షమించరు, ఎందుకంటే ప్రతి శిక్షణ తరగతినీ వారు దానితోనే మొదలుపెట్టేవారు. 1998లో ఈమెయిలు కొత్తగా వచ్చింది, దాని వెంట వైరస్ కూడా వచ్చింది. ఇంగ్లీషు సూచన ‘ఓపెనింగ్ ఎనీ అటాచ్‌మెంట్, స్కాన్ ఇట్ ఫస్ట్’ అని ఉంది. ఆ రోజు నలభై పుటలు పూర్తిచేయాల్సిన హడావిడిలో వీరు దానిని ‘జోడించిన ఫైలును తెరిచి, ముందుగా వైరస్ పరీక్ష చేయవలెను’ అని దించారు. పెద్దాసుపత్రి నమోదు గుమాస్తా అక్షరాలా అలాగే చేశాడు. ముందు తెరిచాడు, ఆ తరువాత ముందుగా పరీక్ష చేశాడు. పదకొండు కంప్యూటర్లు మూలనపడ్డాయి.

తప్పు గుమాస్తాదని మా వాళ్ళు రాయబోతుంటే వీరు అడ్డుపడ్డారు. “ఆయన తప్పేముంది? తలుపు తీసి, లోపలికి పిలిచి, కుర్చీ వేసి, అప్పుడు నువ్వు దొంగవా అని అడగమన్నది నేను. ఆయన అడిగాడు” అన్నారు. ‘తెరవడానికి ముందు’ అని దిద్దిన కాగితాలను సంచిలో వేసుకుని, అరవై మూడు బల్లల దగ్గరికీ స్వయంగా వెళ్ళి, పాత కాగితం మీద కొత్తది అంటించి, ప్రతి ఒక్కరి చేతా పైకి చదివించి మరీ వచ్చారు. రెండు రోజులు పట్టింది. తాను చేసిన పనికి తానే కర్తనని ఒప్పుకోవడం ఎంత సులువో ఆ రోజున తెలిసిందని, ఆ సంగతి చెప్పినప్పుడల్లా వారు నవ్వుతూ అంటారు. ఐదేళ్ళ తరువాత, 2003లో, విభాగాధిపతి అయ్యారు.

నేను 2006లో పర్యవేక్షణ గదిలో ఆపరేటరుగా చేరాను. నాకు ఇంగ్లీషు బాగా వచ్చని నాకు గట్టి నమ్మకం. నా మొదటి నివేదిక వీరి బల్ల నుంచి ఏడుసార్లు తిరిగి వచ్చింది. ‘సర్వరును పరీక్షిస్తూ కేబుల్ ఊడిపోయింది’ అని రాశాను. “పరీక్షిస్తున్నది ఎవరు? కేబులా?” అని అంచున ఎర్రగా ప్రశ్న. ఎనిమిదోసారి వెళ్ళి, “మేడమ్, వాన కురిసి వీధులు తడిశాయంటాం కదా! కురిసింది వాన, తడిసింది వీధి. కర్తలు వేరు వేరు. అదెలా ఒప్పు?” అని నెగ్గానన్న ధీమాతో నిలబడ్డాను.

వారు పెన్సిల్ కింద పెట్టి, నన్ను మొదటిసారిగా మనిషిని చూసినట్టు చూశారు. “మంచి ప్రశ్న వేశావు బాబూ. వాన విషయంలో చెల్లుతుంది. ఎందుకంటే వానని సంజాయిషీ అడగం. మనిషిని అడుగుతాం. అందుకని మనిషి ఉన్న వాక్యంలో జాగ్రత్తగా ఉండాలి” అన్నారు. నేను సరేనని తల ఊపి, బయటికి వచ్చి, చాదస్తం అనుకున్నాను. ఆ మాట ఇన్నేళ్ళ తరువాత ఈ సంచికలో అచ్చులో ఒప్పుకుంటున్నాను.

2009లో, ఒక బుధవారం మధ్యాహ్నం, అందరూ భోజనాలు ముగించి కునికిపాట్లు పడే వేళకు, ఎవరో ఆగంతకుడు బయటి నుంచి మా వ్యవస్థలోకి చొరబడి ఆసుపత్రి అపాయింట్‌మెంట్లన్నీ చెరిపివేశాడు. ఆ సమయంలో గదిలో ఉన్నది నేను ఒక్కణ్ణే. చొరబాటు జరిగితే గోడ మీద ఎర్రదీపం వెలిగి అలారం మోగాలి. దీపం వెలగలేదు, అలారం మోగలేదు. ఆసుపత్రి కౌంటరు నుంచి ఫోను వచ్చేదాకా నాకు తెలియలేదు. అదృష్టవశాత్తు ఎవరి ప్రాణం మీదికీ రాలేదు గానీ, మూడు వందల మంది రోగులు ఒక రోజంతా వరుసలలో నిలబడ్డారు.

విచారణ జరపడానికి బయటి నుంచి ఒక నిపుణుడు వచ్చాడు. లాగులన్నీ, అంటే యంత్రం తనంతట తాను రాసుకునే దినచర్య అంతా, పట్టుకుని వెళ్ళి, మూడు వారాల తరువాత నలభై ఒక్క పుటల ఇంగ్లీషు నివేదిక పంపాడు. పదిహేడవ పుటలో ఒక వాక్యం ఉంది. ‘హ్యావింగ్ డిసేబుల్డ్ ది అలారమ్, ది ఇంట్రూజన్ వెంట్ అన్‌నోటీస్డ్ బై ది ఆపరేటర్.’ అలారాన్ని ఆపివేసి, చొరబాటు, ఆపరేటరుచే, గమనించబడలేదు. చదివిన ప్రతి ఒక్కరూ ఆ ‘ఆపివేసి’ని పట్టుకుని వాక్యమంతా గాలించారు. అందులో మనిషి ఒక్కడే ఉన్నాడు. చొరబాటుకు చేతులు లేవు, ఆపరేటరుకు ఉన్నాయి. అలారం ఆపింది నేనేనని తీర్మానించుకున్నారు.

“నేను ఆపలేదు సార్” అని ఎంత మొత్తుకున్నా, “నివేదికలో అలా ఉంది కదయ్యా” అన్నదే అందరి సమాధానం. విచారణ సంఘంలో ముగ్గురు సభ్యులు. నన్ను ఉద్యోగం నుంచి తొలగించే కాగితం తయారైంది. నిందితుడికి నివేదికను తెలుగులో ఇవ్వాలన్న నియమం ఒకటి ఉండటం వల్ల, అది శుక్రవారం దాకా ఆగింది. అప్పటికి నా భార్య ఐదో నెల గర్భవతి. ఇంట్లో చెప్పడానికి నోరు రాక, రోజూ టిఫిన్ డబ్బా పట్టుకుని బయలుదేరి, ఆఫీసులో ఒక కుర్చీలో కూర్చుని, ఆ డబ్బా తెరవకుండానే ఇంటికి వచ్చేవాణ్ణి.

మంగళవారం నా బల్ల మీద ఫోను మోగింది.

“ఎవరండీ?”

“నేనేనండీ” అన్నాను నీరసంగా.

“పదిహేడో పుటలో అలారం ఆపేసి అన్నాడు. ఎవరు?”

నాకు ఒళ్ళు మండింది. “మీరు కూడా నన్నే అడుగుతున్నారా మేడమ్! మీరు కూడానా!”

“అరవకు బాబూ. నేను నేరం ఎవరిదని అడగట్లేదు. కర్త ఎవరని అడుగుతున్నాను. నువ్వయితే నువ్వని రాస్తాను. కాకపోతే కాదని రాస్తాను. ఏదీ తెలియకుండా మాత్రం రాయను.”

“నేను కాదండీ.”

“మరి ఎవరు?”

“తెలియదండీ.”

“అయితే తెలిసినవాణ్ణే అడుగుతాను” అని ఫోను పెట్టేశారు.

ఆ తరువాత జరిగింది నేను తలుపు బయట నిలబడి విన్నది. అప్పటి డైరెక్టరు గారు స్వతహాగా మంచివారే, కానీ ఆ వారం రోగుల బంధువుల చేత, పైఅధికారుల చేత చివాట్లు తిని తిని ఉన్నారు. “అక్కడ ఎలా ఉందో అలా దించేయండమ్మా. మీకెందుకీ తలనొప్పి?” అన్నారు.

“అలా దించడం కుదరదు సార్. ఇంగ్లీషులో ఆ మాట గాలిలో వేలాడుతోంది. తెలుగులో దించితే ఎవరో ఒకరి నెత్తిన పడుతుంది.”

“పోనీ ‘ఆపివేయబడి’ అనండి. ఎవరి మీదా పడదు.”

“అప్పుడు చదివినవాళ్ళు ఇష్టమొచ్చిన మనిషి నెత్తిన పెడతారు. ఇప్పుడు జరిగింది అదేగా!”

శుక్రవారం మధ్యాహ్నం నాలుగు గంటలకు నలభై ఒక్క పుటల అనువాదం సంఘం ముందుకు వెళ్ళింది. పదిహేడవ పుటలో మాత్రం ‘అలారాన్ని ఆపివేసి’ అన్న మాటకు ముందు ఒక గీత, గీత మీద ఖాళీ. అంచున ఎర్ర పెన్సిల్‌తో ‘కర్త తెలియలేదు. నిపుణునికి ఉత్తరం రాశాను. జవాబు వచ్చేవరకు ఈ పుట మీద సంతకం చేయను’ అని ఉంది. సంతకం లేని అనువాదం చెల్లదు. సోమవారం ఉదయం వీరికి మెమో వచ్చింది. విధి నిర్వహణలో జాప్యం చేసి, విచారణకు ఆటంకం కలిగినందున సంజాయిషీ ఇవ్వవలసిందని అందులో రాశారు. పద్దెనిమిదేళ్ళ సర్వీసులో అదే మొదటి మెమో. దానికి వీరు ఇచ్చిన జవాబు మా కేంద్రం చరిత్రలో నిలిచిపోయింది. ‘జాప్యం చేసినది నేను. ఆటంకం కలిగించినది కూడా నేనే అయితే, కలిగినందున అని కాక, కలిగించినందున అని ఉండవలెను.’

ఆ సాయంత్రమే నిపుణుడి నుంచి ఫ్యాక్సు వచ్చింది. ఒకటే వాక్యం. అలారాన్ని ఆపినవాడు ఆగంతకుడేనని, ఒంటి గంట యాభై రెండు నిమిషాలకు బయటి నుంచే ఆపాడని లాగులో స్పష్టంగా ఉందని, ఆపరేటరు ఆపాడని తాను ఎక్కడా రాయలేదని, అసలు ఆ అనుమానం ఎలా వచ్చిందో తనకు అర్థం కావడం లేదని ఆ ఒక్క వాక్యంలోనే ఉంది. ఆయన అబద్ధమాడలేదు. మా సంఘం వారికీ నా మీద పగ లేదు. ఒక చిన్న క్రియను యజమాని లేకుండా వదిలేశారు, అంతే. దారిన పోయే నేను దానికి యజమానినయ్యాను.

ఫ్యాక్సు కాగితం పట్టుకుని వీరు రెండో అంతస్తు నుంచి కిందికి దిగి, నా బల్ల దగ్గరికి వచ్చి, “దొరికాడు బాబూ కర్త. నువ్వు కాదు” అన్నారు. నేను అందరి ముందూ వెక్కి వెక్కి ఏడ్చాను. వారు కంగారుపడి, ఏం చేయాలో తోచక, నా టిఫిన్ డబ్బా మూత తీసి, “ముందు తిను. తిని ఏడువు. క్రమం ముఖ్యం” అన్నారు. ఏడుస్తూ నవ్వడం అంటే ఏమిటో, శత్రర్థకం అంటే ఏమిటో నాకు ఆ పూట ఒకేసారి అర్థమయ్యాయి. ఇంటికి వెళ్ళి జరిగిందంతా నా భార్యకు చెప్పాను. నాలుగు నెలల తరువాత పుట్టిన మా అమ్మాయికి ఆవిడ పేరే పెట్టాం. దానివల్ల వచ్చిన చిక్కల్లా, ఈ పదిహేనేళ్ళుగా కోపమొచ్చినప్పుడు పిల్లను పేరు పెట్టి తిట్టలేకపోవడం.

మెమో ఉపసంహరించారు. డైరెక్టరు గారు తామే మెట్లెక్కి వచ్చి, “క్షమించాలమ్మా. కర్తను నేను” అన్నారట. ఆ మరుసటి ఏడాది వీరు రూపొందించిన తొమ్మిది పుటల ‘నివేదికలు రాసేవారికి సూచనలు’ మా కేంద్రం దాటి ఎన్నో కార్యాలయాలకు వెళ్ళింది. ఈనాడు మా ప్రమాద నివేదికలో ‘ఏమి జరిగింది’ అన్న గడికి ముందు ‘ఎవరు చేశారు’ అన్న గడి ఉంటుంది. తెలియకపోతే ‘తెలియదు’ అని రాసే హక్కు కూడా అందులో ఉంది. ఆ హక్కు కోసం వారు ఆరు సమావేశాలలో వాదించారు. నేడు భద్రతా విభాగానికి అధిపతిగా ఉన్న నేను కొత్తవారికి మొదట నేర్పించేది ఆ ‘తెలియదు’నే.

గత ఐదారేళ్ళుగా అనువాదాలు యంత్రమే చేస్తున్నది. వీరికి ఇక పని ఉండదని కొందరన్నారు. నిజానికి ఎర్ర పెన్సిళ్ళ ఖర్చు పెరిగింది. “మనిషికి కర్త తెలియకపోతే కాస్త తడబడతాడు. ఇది తడబడదు, ఎవరో ఒకర్ని కూర్చోబెట్టేస్తుంది. పనిమంతురాలే గానీ సిగ్గు లేదు” అని ఆ యంత్రాన్ని ముద్దుగా విసుక్కుంటూ, దాని తప్పులను కూడా పిల్లల తప్పుల్లాగే ఓపికగా దిద్దారు.

వారి శ్రీవారు గడియారాలు బాగుచేస్తారు. మొన్న ఈ సంచిక కోసం ఫొటో అడగడానికి వెళ్తే, కంటికి అద్దం బిగించుకునే మాట్లాడారు. “ఇంట్లో కూడా ఇంతే బాబూ. కప్పు జారి పగిలింది అన్నాననుకో, ‘జారిందా, జార్చారా?’ అంటుంది. ముప్పై ఏళ్ళలో ఒక్క కప్పు కూడా దానంతటది పగలలేదు మా ఇంట్లో!” లోపలి నుంచి “పగలగొట్టింది ఎవరండీ మరి?” అని వినిపించింది. “నేనే” అని ఆయన నా వైపు కన్ను గీటారు. ఆ ఇంట్లో నాలుగు గోడలకూ గడియారాలున్నాయి, నాలుగూ ఒకే సమయం చూపిస్తున్నాయి. ఆ దంపతులు ఒకరికొకరు తగినవారని వేరే చెప్పనక్కరలేదు.

గత వారం పదవీ విరమణ ఉత్తర్వు వెలువడింది. ‘ముప్పై నాలుగు సంవత్సరాల సేవను పూర్తిచేసి, ఈ కార్యాలయం వీరిని సగౌరవంగా సాగనంపుతున్నది’ అని ఉంది. గంటలో తిరిగి వచ్చింది. అంచున ఎర్రగా ‘పూర్తిచేసినది నేనా, కార్యాలయమా? కార్యాలయమే అయితే, అదే ఇంటికి వెళ్ళాలి, నేను ఉంటాను’ అని రాశారు. పరిపాలన విభాగం వారు ఆ మాటకు గంటసేపు నవ్వి, ఉత్తర్వును దిద్ది ఇచ్చారు. కార్యాలయమే ఇంటికి వెళితే బాగుండునని మాలో చాలామందికి లోలోపల ఉంది.

సంతకం లేని ఆ పదిహేడవ పుట ఇప్పటికీ నా దగ్గరే ఉంది. అద్దం కట్టించి నా బల్ల ఎదురుగా పెట్టుకున్నాను. ఆ గీత మీది ఖాళీలో నా పేరు పట్టేంత చోటు ఉంది. అందరూ అప్పటికే మనసులో రాసేసుకున్నారు, కలం ఆనించడమే తరువాయి. ఆ చోటు మీద ఆవిడ నాలుగు రోజులపాటు తమ అరచెయ్యి అడ్డం పెట్టి ఉంచారు.

అందువల్ల అమ్మా, మీరు ఇకమీదట అలారం పెట్టుకోకుండా నిద్రలేచి, మీ శ్రీవారు పగలగొట్టిన కప్పులు పోగా మిగిలిన వాటిలో తీరికగా కాఫీ తాగి, ఇష్టమైనది చదువుతూ, నచ్చనిది దిద్దుతూ, చెక్కుచెదరని ఆరోగ్యంతో, తరగని ఎర్ర పెన్సిళ్ళతో నిండు నూరేళ్ళూ హాయిగా జీవించాలని మనసారా కోరుకుంటున్నాం. కోరుకుంటున్నది ఎవరండీ అని మీరు అడుగుతారు. మొదటగా నేనండీ, ఆ ఖాళీలో పేరు పడనివాణ్ణి.